వెల్లకిలా పడ్డ సాలెపురుగు

చిట్యాలలో వసంతలక్ష్మి ఇంట్ల సాలెపురుగును చీపురుతో కొట్టరు. అది కూడా మనలెక్క నేసే జీవమే అంటదామె. అందుకే కొడుకు శ్రవణ్‌కుమార్ హైదరాబాద్ నుంచి టరంటులా అనే అరచెయ్యంత సాలెపురుగును అద్దాల పెట్టెల తెచ్చి పెంచుకుంటుంటే ఏమనలే. కోడలు ఉషకే ఒళ్లు జలదరించేది. పాలు తాగే పిల్లగాని ఉయ్యాల కూడా ఆ మగ్గం అర్రలనే ఉండె మరి!

ఆ పొద్దు శ్రవణ్ పనిమీద కట్టంగూర్ పోయిండు. మధ్యాహ్నమే మబ్బుపట్టి కరెంటు పోయింది. అర్రంతా గంజి వాసన, తడి నూలు వాసన. ఉషకు ఒక్కకాడ నిలవబుద్ధి కాలే. ఉయ్యాల ఊపుతది, కిటికీ కాడికి పోతది, మళ్ల వచ్చి పెట్టెల చూస్తది. ఓసారి చూసేసరికి సాలెపురుగు వెల్లకిలా పడి, కాళ్లన్నీ పైకెత్తి, కదలక మెదలక ఉంది.

"అత్తమ్మా, చచ్చిపోయినట్టుంది."

"అయ్యో పాపం! నేసే జీవం, బట్ట లేకుంట పంపొద్దు బిడ్డా."

వసంతలక్ష్మి మగ్గం మీది గుడ్డ ముక్క కత్తిరించి దాన్ని చుట్టింది, దారంతో ముడేసింది. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలనే మట్టి తవ్వి పూడ్చింది. ఉషకు నవ్వొచ్చింది గానీ, పీడ పోయిందని పానం నిమ్మలమైంది.

కాసేపటికి శ్రవణ్ ఫోన్ చేస్తే సంగతి చెప్పింది.

"వెల్లకిలనా? మీకేమన్న పిచ్చా! అది చావలే, తోలు ఇడుస్తాంది! చచ్చేదైతే కాళ్లు ముడుచుకొని బోర్ల పడ్తది. తియ్యిన్రి, జల్ది తియ్యిన్రి!"

ఉష ఫోన్ ఆడనే పడేసింది. పానమున్నదాన్ని పూడ్చిపెడితిమి గదా! ఇద్దరూ గుంతల దిగి చేతులతోనే తవ్విన్రు. మూట దొరికింది. ముడి ఊడలే. గుడ్డ చినగలే. విప్పితే... లోపల ఉత్త తోలు. ఎనిమిది కాళ్లు, వెంట్రుకలతో సహా.

"మరి అదేడ పోయింది?" గుసగుసగా అడిగింది ఉష.

వసంతలక్ష్మి ఉయ్యాల దిక్కు చూస్తాంది. అప్పటిదాంక కేరింతలు కొట్టిన పిల్లగాని సప్పుడు లేదు...

ఉష ఉరికింది. పిల్లగాడు వెల్లకిలా ఉన్నడు. కాళ్లు, చేతులు పైకెత్తి... కదలకుంట. కండ్లు తెరిచే ఉన్నయి.

"నా బంగారం... నా అయ్య..."

ఎత్తుకుంది. చేతులకు బరువే తెలువలే, మూటల దొరికిన తోలు లెక్కనే.

అప్పుడు వినొచ్చింది ఏడుపు. తన కొడుకుదే. ఆకలైతే ఏడ్చే ఏడుపు.

మగ్గం గుంతల నుంచి... మట్టి కింది నుంచి.