ఇమ్రో చోటు

శుక్రవారం సాయంత్రాలు, మేం వలస వచ్చిన అమెరికా ఊళ్లో, కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ముందువరస కుర్రాళ్లు మా ఇంట్లోనే తినేవాళ్లు. తోలు టోపీలు పెట్టుకుని ఆడే కాలం. అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి చేత పట్టుకుని పరిగెత్తేవాడికి పేరు. వంగి నిలబడి అడ్డుకునే ఆ వరసకు దెబ్బలు. మైదానంలో ఏ క్రమంలో నిలబడతారో, మా వంటింటి బల్ల ముందు అదే క్రమంలో కూర్చునేవాళ్లు.

ఒక ఏడు ఆ వరసలో నడిమివాడు ఇమ్రో ఆటలో మెడ విరిగి చనిపోయాడు. అతని చోటు చివర ఆడే మా అబ్బాయి మెతోద్‌కు ఇచ్చారు. ఆట మానితే కాలేజీ ఇచ్చే ఉచిత చదువు పోతుంది. చదువు పోతే బొగ్గుగని. వాళ్ల నాన్నను మింగింది అదే.

ఆ తర్వాతి శుక్రవారం సాయంత్రం మావాడు పాత అలవాటుగా బల్ల చివర కూర్చున్నాడు. మధ్యలో ఖాళీ.

"పిన్నీ, మీవాణ్ని జరగమను. ఇంత సందు వదిలితే రేపు ఆటలో లారీ దూరిపోతుంది" అన్నాడు వరసలో ఇంకొకడు, రూడో.

"నీ పొట్ట ఉందిగా, అడ్డం పెట్టు" అన్నాడు మావాడు.

నవ్వారు. ఎవరూ జరగలేదు.

యూరప్ నుంచి వచ్చిన మా స్లోవాకుల్లో క్రిస్మస్ ముందురాత్రి పోయినవాళ్లకు ఒక కంచం పెడతాం. ఆ ఒక్క రాత్రే పెట్టాలి. నాకు మనసాగలేదు. ఖాళీ ముందు కంచం పెట్టి క్యాబేజీ పులుసు పోశాను.

బల్ల కిర్రుమంది. తడిగడ్డి వాసన... నొప్పుల తైలం వాసన... ఎవరో భుజంతో తోసినట్టు మెతోద్ పక్కకు ఒరిగాడు.

"అమ్మా... కంచం తీసెయ్."

"ఎవర్రా?"

"తన చోటు ఇమ్మంటున్నాడు..."

తీయబోయాను. కంచం కదల్లేదు.

ఆ తర్వాత రెండేళ్లు మావాణ్ని ఎవరూ కదిలించలేకపోయారు. పత్రికలవాళ్లు గోడ అన్నారు. ఎదురుగా నిలబడ్డవాళ్లు మాత్రం, వాడి ఊపిరితో పాటు ఇంకొకరి ఊపిరీ వినిపిస్తోందని చెప్పుకునేవాళ్లు. వాడు మాట తగ్గించాడు. తిండి తగ్గించాడు.

"మానెయ్యరా. గనైనా సరే" అన్నాను.

"నేనెక్కడ ఆడుతున్నానమ్మా?" అన్నాడు.

ఆఖరి ఆట అయిన సాయంత్రం గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పిన్నీ, ఇక మా ఇంటికి వెళ్తాను. మా అమ్మ ఎదురుచూస్తుంటుంది."

మావాడి ముఖమే. మావాడి గొంతే.

వెంటపడ్డాను. వీధి చివర ఇమ్రో తల్లి లుద్మిల, వాడు తట్టకముందే తలుపు తీసింది. రెండు చేతులతో వాడి మెడ తడిమి చూసింది. లోపలికి తీసుకుంది.

"మెతోద్!" అని అరిచాను.

తలుపు మూసుకుంది.

నా వెనక, ఖాళీ రోడ్డు మీద, నేల దగ్గర నుంచి... నేను పిలిస్తే మావాడు పలికినట్టే, ఎవరో "ఊఁ" అన్నారు.