చిన్న కండెల విత్తనం

తెల్లారి పొయ్యి వెలిగిస్తూ అత్తగారు పైకి చూసింది. పొగ తగిలేలా దూలానికి వేలాడదీసిన మొక్కజొన్న కండెలు రోజూ చూసేవే. ఈవేళ మాత్రం చూపు అక్కడే ఆగిపోయింది.

"ఏమే! ఇటు రా."

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేను కట్టిన పెద్ద కండెలేవి? ఈ పుల్లలేంటి?"

"విత్తనానికి నేనే ఏరాను అత్తయ్యా. మీవి గోనెలో ఉన్నాయి, పారెయ్యలేదు."

అత్తగారి మొహం ఎర్రబడింది. ఆ ఇంట్లో విత్తనం ఏరేది పెద్దావిడే. ప్రతి కోతకీ చేనంతా తిరిగి, లావుపాటి కండెలు ఏరి కట్టేది. అయినా వరసగా రెండు పంటలు ఎండిపోయాయి. ఇదీ పోతే చేను కౌలుకిచ్చి కొడుకు పట్నంలో ఇటుకలు మోయాల్సిందే.

"దొంగచాటుగా మార్చేశావా?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

"నోరు చూడు!"

గుమ్మంలోంచి కొడుకు తొంగిచూశాడు. "పోట్లాట తర్వాత పెట్టుకోండి. నేల పదును ఆరిపోతోంది. ఏ గింజ వెయ్యను?"

"పెద్దవి," అంది తల్లి.

"చిన్నవి," అంది భార్య.

"నన్ను రెండు ముక్కలు చేసి నాటేయండి," అంటూ అతను గడప మీద కూలబడ్డాడు.

కోడలు గొంతు తగ్గించింది. "పోయినేడు మన చేలోనే ఈ చిన్నవి వాన వెళ్లకముందే పండాయి అత్తయ్యా. పెద్దవి గింజ పట్టే వేళకి చుక్క లేదు. దిగువ మూల తప్ప అన్నీ బోడి కండెలే."

"అది వాన తప్పు!"

"వానని ఏరుకోలేం కదా."

అత్తగారికి కోతల రోజులు గుర్తొచ్చాయి. ప్రతి ఏడూ కోతవాళ్లని ఆపేది తనే. 'కాస్త ఉండండర్రా, నా కండెలింకా పచ్చిగా ఉన్నాయి' అని. తను ఏరిన లావువన్నీ ఆఖరున పండినవే.

పీట మీద చతికిలబడింది. "వాన ముందే వెళ్లిపోతుంటే, పంటకి ఆలస్యం నేర్పింది నేనేనటే?"

"అప్పట్లో వాన నిలిచేదిగా అత్తయ్యా. అప్పటికి మీరు చేసిందే సరి."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఎగువంతా నీవి వెయ్యండి. దిగువ మూల తడి ఆరదు, అక్కడ నావి. మొత్తం మానేస్తే వాన నిలిచిన ఏడు విత్తనం ఎక్కణ్ణుంచి తెస్తాం?"

కోడలు తెల్లబోయింది. ఆ ఆలోచన తనకు రాలేదు.

"ఇంకోసారి నాకు చెప్పకుండా ఏరావంటే ఊరుకోను." అత్తగారు కోడలి వైపు వేలు చూపించింది. "కోతకి ముందే నన్ను చేలోకి తీసుకెళ్లు. ఏది ముందు పండుతుందో నాకూ చూపించు."

కోడలు ఆవిడ పక్కనే కూర్చుని, ఒళ్లో తల పెట్టేసింది.