మెరుపు రైలుకు ఒక్క స్టార్

వరద వచ్చి వంతెనను ఊడ్చుకుపోయిన ఏడాది అది. నీళ్ళు తీశాయి, రోడ్లు ఆరాయి, బడులు తెరిచారు. వంతెన మాత్రం ఇంకా లేవలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం చిటికె మేడమెట్ల మీద కూర్చుని ఫోన్ మీద వేలు టకటకలాడిస్తున్నాడు. చిటికె వాడి అసలు పేరు కాదు. కూర్చున్నా నిలబడ్డా చిటికెలు వేస్తూనే ఉంటాడని బడిలో పెట్టిన పేరు. ఇంట్లోనూ అదే అంటుకుంది. బడి బ్యాండులో డ్రమ్ము వాడిదే. వాడు కొట్టే దెబ్బను బట్టే బడి మొత్తం అడుగు వేస్తుంది. తాళంలో తనను మించినవాడు లేడని వాడి ధీమా.

ఫోన్లో ఉన్న ఆట పేరు మెరుపు రైలు. ఇంకా బయటికి రాలేదు. దాన్ని చేస్తున్నది వాళ్ళ పిన్ని, ఆమెతోపాటు ఇంకో ఇద్దరు. పిన్ని ఆఫీసు ఏటికి అవతల ఉంది. వంతెన పోయాక వెళ్ళే దారి లేక, అక్క ఇంట్లో ముందుగదిలోనే టేబులు వేసుకుని పని చేస్తోంది.

ఎప్పుడో రాబోయే కాలంలో జరిగే ఆట అది. ఆకాశంలో పట్టాలు. డ్రైవరు లేని రైలు. దారి పొడుగునా వెలుగు గేట్లు. వెనకాల కంప్యూటరు సంగీతం ధన్ ధన్ ధన్ మని మోగుతుంది. దెబ్బ పడిన క్షణంలో వేలితో కొడితే గేటు తెరుచుకుంటుంది. లేకపోతే రైలు గేటును గుద్దుకుంటుంది.

"ఆడి చూడండి. ఎలా ఉందో రాయండి. పేర్లు అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు రాయండి," అని పిన్ని వీధిలో పిల్లలకీ, చిటికె క్లాసు పిల్లలకీ పంపింది.

చిటికె చెవుల్లో కొత్త ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వైరు లేనివి. పుట్టినరోజుకు నాన్న కొనిచ్చాడు. ఆట తెరవగానే తెర మీద అక్షరాలు వచ్చాయి.

'ముందు చిన్న పరీక్ష. వినబడే తాళానికి పది దెబ్బలు కొట్టండి.'

"తాళం పరీక్షా? నాకా?" అన్నాడు చిటికె. కింద 'స్కిప్' అని ఉంది. నొక్కేశాడు.

రైలు బయల్దేరింది. మొదటి గేటు దగ్గర సరిగ్గా దెబ్బ మీద కొట్టాడు. 'ఆలస్యం' అని వచ్చింది. రెండో గేటు. 'ఆలస్యం'. మూడోది. 'ఆలస్యం'. రైలు గేటు గేటుకీ తల బాదుకుంటూ వెళ్ళి చివరికి ఆగిపోయింది.

మళ్ళీ ఆడాడు. మళ్ళీ అదే తంతు.

లోపలినుంచి చెల్లి పిచ్చుక గంతులేస్తూ వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. చేతిలో అమ్మ ఫోను.

"అన్నయ్యా, అన్ని గేట్లూ తెరిచేశా! నీకు ఎన్ని వచ్చాయి?"

"నీ పని నువ్వు చూసుకో."

"అంటే రాలేదన్నమాట," అని పిచ్చుక తుర్రుమంది.

చిటికెకు ఒళ్ళు మండింది. డ్రమ్ము కొట్టేవాడికి రానిది, తాళానికి గంతు వెయ్యడం కూడా రాని పిల్లకి వచ్చిందా? అయితే తప్పు ఆటదే. అభిప్రాయం రాసే చోటుకి వెళ్ళి, అయిదు స్టార్లలో ఒక్కటే నొక్కి, కసిదీరా రాసి పంపేశాడు.

సాయంత్రం ముందుగదిలో అమ్మ కుట్టుమిషను తొక్కుతోంది. పిన్ని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు.

"అక్కా, పిల్లలు రాశారు, విను. 'రైలు బాగుంది. కానీ ఎక్కడానికి తలుపు లేదు.'"

అమ్మ మిషను ఆపి నవ్వింది.

"ఇంకోటి విను. 'మా తాతయ్య ఆడుతూ ఆడుతూ నిద్రపోయాడు. అయినా నాకన్నా ఆయనకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇది అన్యాయం.'"

పిచ్చుక పొట్ట పట్టుకుని నవ్వింది.

"'ఈ ఆట మా అమ్మకి నచ్చలేదు. అంటే చాలా బాగున్నట్టే.'"

"ఎవడే ఆ వెధవ?" అంది అమ్మ.

"పేర్లు ఉండవక్కా. పేరు రాయమంటే మొహమాటపడి అందరూ బాగుందనే రాస్తారు." పిన్ని నవ్వుతూనే తర్వాతది తెరిచింది. చదవబోయి ఆగింది. గొంతు తగ్గించి చదివింది.

"'ఒక్క స్టార్. తాళం తెలియనివాళ్ళు చేసిన ఆట. సరిగ్గా కొట్టినా ఆలస్యం అంటోంది. ఆ పాట కట్టినాయన ముందు ఒకటి రెండు మూడు లెక్కపెట్టడం నేర్చుకోవాలి. ఎవరూ ఆడకండి.'"



"వీడికి ఆడటం రాదు," అంది పిచ్చుక.

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు చిటికె. అని, గబుక్కున కిటికీ వైపు తిరిగాడు.

పిన్ని తల అడ్డంగా ఊపింది. "కాదే. వీడెవడో తాళం తెలిసినవాడే. తెలియనివాడైతే కష్టంగా ఉంది అంటాడు. వీడు ఆలస్యం అంటోంది అన్నాడు. ఎక్కడో ఏదో తప్పు ఉంది. ఎల్లుండి పొద్దున పదింటికల్లా ఆట విడుదలకు పంపేయాలి. ఎలాగే అక్కా?"

"నువ్వేం రాశావురా?" అని అమ్మ చిటికెను అడిగింది.

"నేనింకా రాయలేదు."

చెవులు వేడెక్కాయి. అయినా మనసులో సర్దిచెప్పుకున్నాడు. నేను రాసింది నిజమేగా. పిన్నే అంది, తాళం తెలిసినవాడని. తప్పు దొరికితే పిన్నికే మంచిది.

మర్నాడు బడినుంచి వచ్చేసరికి పిన్ని అదే కుర్చీలో ఉంది. జుట్టు ముడేసి అందులో పెన్సిలు గుచ్చుకుంది. పొద్దుటి కాఫీ కప్పులో చల్లారి తొరక కట్టింది. ఫోన్లో ఎవరిదో పెద్దాయన గొంతు వినిపిస్తోంది. ఆటకు పాట కట్టిన మాస్టారు.

"అమ్మాయ్, ఆ పిల్లాడు రాసిందే నిజమేమో. ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించిన చెయ్యి నాది. ఈ కరెంటు సంగీతం నాకు కొత్త. నిన్న కూర్చుని మళ్ళీ మళ్ళీ విన్నా. వినగా వినగా నా మీద నాకే అనుమానం పుట్టింది."

"అలా అనకండి మాస్టారూ."

"నా పాట తీసేయ్. నేనేమీ అనుకోను. ఎవరైనా కుర్రాళ్ళది పెట్టుకో."

"రేపు పదింటికి పంపాలి. ఇప్పుడు ఇంకో పాట ఎక్కణ్ణించి తేను? గేట్లన్నీ కాస్త వెనక్కి జరిపి చూస్తాను. ఆలస్యంగా కొట్టినా తెరుచుకునేట్టు."

"నీ ఇష్టం తల్లీ. అప్పటికీ కుదరకపోతే తీసేయ్. మొహమాటపడకు." ఆయన నేనేమీ అనుకోను అని ఇంకోసారి అన్నాడు. రెండుసార్లు అన్నాడంటే అనుకుంటున్నట్టే అని చిటికెకు కూడా అర్థమైంది.

పిన్ని గేట్లు జరిపింది. పిచ్చుకను పిలిచి ఆడమంది. పిచ్చుక నాలుగు గేట్లు దాటగానే మూతి ముడిచింది.

"పిన్నీ, నా రైలు కుంటుతోంది."

"నాకూ అలాగే ఉందే బంగారం. కానీ ఇవాళ ఒకడికి ఆలస్యమైతే రేపు వెయ్యి మందికి అవుతుంది. ఏం చెయ్యను?"

చిటికె మెల్లగా మెట్ల మీదికి జారుకున్నాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మారిన ఆట తెరిచాడు. పరీక్షను దాటేశాడు. కొట్టాడు. గేటు తెరుచుకుంది! రెండోదీ తెరుచుకుంది. మూడు, నాలుగు, అయిదు... రైలు ఝామ్మని దూసుకుపోయింది.

"అదీ! నేను చెప్పలా?" అని గోడతో అన్నాడు. వినడానికి అక్కడ ఇంకెవరూ లేరు మరి.

సరిగ్గా అప్పుడే ఇయర్‌ఫోన్లు కుయ్ మన్నాయి. చార్జింగు అయిపోయింది. పాట ఆగలేదు. ఫోన్లోంచే బయటికి మోగడం మొదలైంది. చిటికె కూడా ఆపకుండా కొట్టాడు.

'తొందర,' అంది ఆట. 'తొందర. తొందర. తొందర.'

రైలు గేటును గుద్దుకుంది.

చిటికె వేలు ఆగిపోయింది. అదే పాట. అదే వేలు. అవే గేట్లు. ఇప్పటిదాకా సరిగ్గా ఉన్నది ఒక్కసారిగా ఎలా చెడింది? మధ్యలో మారింది ఒక్కటే. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి అరచేతిలో పెట్టుకుని, అవేదో మాట్లాడతాయన్నట్టు చూశాడు.

లోపలికి వెళ్ళి చార్జింగు పెట్టాడు. అది ఎక్కేదాకా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తర్వాత మళ్ళీ పెట్టుకుని ఆట తెరిచాడు. ఈసారి స్కిప్ నొక్కలేదు. పది దెబ్బలూ బుద్ధిగా కొట్టాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి.

'మీ ఇయర్‌ఫోన్లలో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తోంది. ఆ మేరకు మీ గేట్లు సర్దాం.'

రెండుసార్లు చదివాడు. పిన్ని తప్పు కాదు. మాస్టారి తప్పు కాదు. ఇయర్‌ఫోన్లు లేకుండా ఆడిన పిచ్చుకకు అందుకే వచ్చింది. ఈ పరీక్ష పెట్టిందే తనలాంటివాళ్ళ కోసం.

రాత్రి భోజనాల దగ్గర పిన్ని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పిన్నీ..." అన్నాడు చిటికె.

"ఏంట్రా?"

"నీళ్ళు కావాలా?"

"గ్లాసు నా ముందే ఉంది కదరా."

కాసేపటికి మళ్ళీ, "పిన్నీ..."

"చెప్పరా."

"ఏం లేదు."

"వీడికేమైంది ఇవాళ?" అంది అమ్మ.

పక్క మీద పడుకుని ఒక ఉపాయం ఆలోచించాడు. పేరు లేకుండా ఇంకో అభిప్రాయం రాస్తే సరి. అయిదు స్టార్లు ఇచ్చి, ఒక్క స్టార్ ఇచ్చినవాడు పొరపాటు పడ్డాడని రాస్తే? ఎవరికీ తెలియదు. రాయడం మొదలుపెట్టాడు కూడా. అంతలో పిన్ని ఏమంటుందో తోచింది. వాడెవడో బాగాలేదన్నాడు, వీడెవడో బాగుందంటున్నాడు, ఎవణ్ణి నమ్మను? అంటుంది. రాసినదంతా తుడిచేశాడు.

పొద్దున లేచి, మొహం కడుక్కుని, నేరుగా ముందుగదిలోకి వెళ్ళాడు. పిన్ని అప్పటికే టేబులు ముందు కూర్చుంది.

"పిన్నీ, ఆ ఒక్క స్టార్ నాదే."

పిన్ని తిరిగి చూసింది. చిటికె ఆగితే మళ్ళీ నోరు పెగలదని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. వైరు లేని ఇయర్‌ఫోన్ల సంగతి, దాటేసిన పరీక్ష సంగతి, పిచ్చుక మీద వచ్చిన ఉక్రోషం, ఇంకా రాయలేదని ఆడిన అబద్ధం, అన్నీ.



"రెండు రోజులు నా బుర్ర తినేశావు కదరా, బ్రహ్మరాక్షసుడా!" అంది పిన్ని. తిట్టిందో నవ్విందో వాడికి తెలియలేదు. ఆమె అప్పటికే లాప్‌టాప్ వైపు తిరిగి గేట్లన్నీ పాత చోట్లకు జరిపేస్తోంది. "ఆ స్కిప్ బటన్ కూడా తీసేస్తా. నీలాంటి మొనగాళ్ళు ఊళ్ళో ఇంకెంతమంది ఉన్నారో!"

చిటికె కదల్లేదు.

"ఇంకేంట్రా? బడికి తయారవ్వు."

"మాస్టారికి ఫోన్ కలుపు పిన్నీ."

"నేను చెప్తాలే."

"వద్దు. ఆయన్ని అన్నది నేను కదా. నేనే చెప్తా."

పిన్ని ఫోన్ కలిపి ఇచ్చింది.

"హలో, ఎవరూ?"

"మాస్టారూ, నేను చిటికెని."

"ఏ చిటికె?"

"ఒక్క స్టార్ ఇచ్చినవాణ్ణి."

చిటికె మళ్ళీ మొత్తం చెప్పాడు. ఈసారి అంత గబగబా చెప్పలేకపోయాడు. మధ్యలో రెండుచోట్ల ఆగాడు.

"అందుకని మీ పాట తీయించకండి మాస్టారూ," అని ముగించాడు. "మీకు లెక్కపెట్టడం వచ్చు."

అవతల పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"బతికించావు నాయనా! సరే, ఇప్పుడు చెప్పు. నా పాట ఎలా ఉంది? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

చిటికె ఆలోచించాడు.

"మొదలు చాలా బాగుంది మాస్టారూ. మధ్యలో వేగం పెరిగే చోటు ఉంది చూడండి, అది నాకు ఇంకా అందలేదు. సరిగ్గా వినకుండా దాని గురించి చెప్పను."

"ఓ, అదా? అక్కడ నా చెయ్యే తడబడుతుందిరా!"

"ఆ ముక్క ఒకసారి వాయిస్తారా? వింటాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. చిటికె ఫోన్ చెవికి ఆనించుకుని గడప మీద కూర్చున్నాడు.