మూడు వేళ్ల ముద్ర

పుట్టి ఐదేళ్లయినా నిండని కంపెనీ బెల్లాన్ని తాము చిన్నతనంలోనే తిన్నామని పన్నెండుమంది సాక్షులు గుర్తు చేసుకుంటున్నట్టు 'ఎరుక' ప్రకటించేసరికి, శార్వాణి చేతిలోని టీ గ్లాసు పెదవుల దాకా వెళ్లి ఆగిపోయింది.

"మళ్లీ చెప్పు."

"మూడు వేళ్ల ముద్ర చూపించగానే అందరిలోనూ బాల్యస్మృతి మేలుకుంది. అందరికీ తోచిన పేరు ఒక్కటే, మధురాజ్," అంది యంత్రం, వాతావరణ సూచన చదివినంత తాపీగా. "సాక్షులందరూ యాభై దాటినవాళ్లు. నిబంధన ప్రకారం చిహ్నం మధురాజ్ కంపెనీకే చెందుతుంది."

అది 2086. విశాఖలో ట్రేడ్‌మార్క్ కార్యాలయం. శార్వాణి అక్కడ పరీక్షకురాలు. ఏ కాగితాన్నయినా, ఏ ఫోటోనయినా, ఎంత పాత రసీదునయినా నిమిషంలో పుట్టించగల రోజులవి. అందుకే ఏ గుర్తు ఎవరిదో తేల్చడానికి పత్రాలు చూడడం ఎప్పుడో మానేశారు. వేరు వేరు ఊళ్ల నుంచి సాక్షులను పిలిచి, నుదుటికి స్మృతిపట్టీ కట్టి, గుర్తు చూపిస్తారు. అది చూడగానే మెదడులో ఎవరి పేరు మెరుస్తుందో ఎరుక చదువుతుంది. జనం తలపులో ఎవరుంటే గుర్తు వాళ్లది.

"కంపెనీ ఇప్పుడే పెట్టాం గానీ మా తాతలు ఇదే పేరుతో బెల్లం అమ్మేవారు" అని మధురాజ్ లాయరు ముందే చెప్పి ఉంచాడు. కాబట్టి ఎరుక లెక్కలో తప్పేమీ లేదు.

బల్లకు అవతల కూర్చున్న నూకరత్నం అంతా విన్నది. అనకాపల్లి దగ్గర మూడు తరాలుగా బెల్లం వండే ఇంటి మనిషి; ఆ ముద్ర తమదని అభ్యంతరం చెప్పడానికి వచ్చింది.

"అయితే రేపట్నుంచి మేం వేళ్లు ఇంటికాడ వదిలీసి వండాలేటమ్మా?" అంది.

ఆమె అడిగిన దాంట్లో అతిశయం లేదు. బెల్లం దిమ్మ గట్టిపడిందో లేదో చూడడానికి వాళ్ల నాన్న దాని మీద మూడు వేళ్లు నొక్కేవాడు. ఆ గుంటలు అలాగే ఉండిపోయేవి. కొనేవాళ్లు వాటిని చూసే కొనేవారు. అదొక గుర్తని, దాన్ని రిజిస్టరు చేయించాలని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు మధురాజ్ పేరిట చిహ్నం ఖాయమైతే సొంత బెల్లం మీద సొంత వేళ్లు నొక్కడం నేరమవుతుంది.

"తొందరపడకండి పిన్నీ. సంతకం నేనింకా పెట్టలేదు," అంది శార్వాణి.

అంతలో డాక్టర్ ఇమ్మానుయేలు లోపలికొచ్చాడు. ఎరుకను తయారుచేసిన శాస్త్రవేత్త ఆయనే. రిటైరయినా, పరీక్షకు ముందురోజు సాక్షులకు పట్టీలు సరిచేసే పని ఇప్పటికీ స్వయంగా చూస్తాడు. నూకరత్నం నమూనాగా తెచ్చిన దిమ్మ బల్ల మీద కనిపించగానే, మధ్యవేలి గుంట దగ్గర బొటనవేలితో ఒడుపుగా నొక్కి ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

"ముందు అడగాలండీ," అంది నూకరత్నం.

"అడిగితే ఇంత ముక్క పెట్టరుగా," అని నవ్వాడాయన.

"డాక్టరుగారూ, లేని జ్ఞాపకాన్ని ఎవరైనా పుట్టించగలరా?" అని అడిగింది శార్వాణి.

"పుట్టించలేరు. ఉన్నదానికి నకలు తీయొచ్చు. దానికొక పేరు అతికించి ఇంకొకరి తలలో పెట్టొచ్చు. కానీ అసలు జ్ఞాపకం ఎవరో ఒకరిదై ఉండాలి."

శార్వాణి సాక్షుల గదికి వెళ్లింది. మొదటి కుర్చీలో కడప నుంచి వచ్చిన లెక్కల టీచరు ఫాతిమాబీ కూర్చుని ఉంది.

"మీకేం గుర్తొచ్చిందో చెప్పండి."

"మా అమ్మ. చేతికి వాచీ. రోటి పక్కన బెల్లం కొడుతోంది. దూరంగా చర్చి గంట. మధ్యవేలి గుంట దగ్గర ముక్క తీసి, ఇది నీదే చిన్నోడా, అని నోట్లో పెట్టింది." ఫాతిమాబీ కళ్లు చెమ్మగిల్లాయి.

"చిన్నోడా అనా?"

"ముద్దుకేమో." ఆమె కళ్లు తుడుచుకుంది. "అవునూ, మా ఇంట్లో ఉర్దూయే కదా మాట్లాడేవాళ్లం. తెలుగులో ఎందుకన్నదో మరి."

అంతకుమించి ఆమెకు అనుమానం రాలేదు. తక్కిన పదకొండుమందీ అదే చెప్పారు. అదే వాచీ, అదే గంట, అదే పిలుపు. ఎవరికి వారే అది తమ తల్లేనని నమ్ముతున్నారు. మనిషి పక్కవాడి మాటను శంకిస్తాడు గానీ తన జ్ఞాపకాన్ని శంకించడు.

శార్వాణి తిరిగొచ్చి తలుపు చేరవేసింది. దిమ్మ మీద డాక్టరు ముక్క తీసిన మధ్యవేలి గుంట తప్ప మిగతా రెండు గుంటలూ చెక్కుచెదరలేదు.

"పన్నెండుమందికీ ఒకే అమ్మ ఎలా ఉంటుంది డాక్టరుగారూ?" అంది నెమ్మదిగా. "మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలిచేవారు?"

ఇమ్మానుయేలు వేళ్లకంటిన బెల్లం రుమాలుతో తుడుచుకున్నాడు.

"ఆ చిన్నోడు మీరేగా. దాచుకోవాలంటే ఎరుకలోనే దాచుకోవచ్చుగా ఆ జ్ఞాపకాన్ని. వాళ్ల తలల్లో ఎందుకు పెట్టారు?"

"యంత్రం దాస్తుందమ్మా. తలుచుకోదు," అన్నాడు. కుర్చీ లాక్కుని నూకరత్నానికి ఎదురుగా కూర్చున్నాడు. ఇక చెప్పిందంతా ఆమెకేసి చూస్తూనే చెప్పాడు.

"నాకు మతిమరుపు మొదలైందండీ. మొన్న మా వీధి పేరు మరిచిపోయాను. రేపో మాపో అమ్మ వంతు వస్తుంది. నర్సుగా చేసేది. ఆవిడకి నేను తప్ప ఎవరూ లేరు. నేను మరిచిపోయాక ఆవిడ ఈ లోకంలో ఒకప్పుడు ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది? అలాంటప్పుడు మధురాజ్ వాళ్లొచ్చి, మూడు వేళ్ల బెల్లం తిన్న జ్ఞాపకం ఎవరిదైనా దొరుకుతుందా అన్నారు. నాదుంది అన్నాను. పట్టీలు సరిచేసేటప్పుడు నేనే నకలు పెట్టాను. వాళ్ల పేరు అతికించిందీ నేనే. పన్నెండుమంది అమ్మని తలుచుకుంటారన్న ఆశలో, ఆ బెల్లం ఎవరు వండారన్నది పక్కకు నెట్టేశాను. అమ్మ అనకాపల్లి సంతలో మీ నాన్నగారి దగ్గర తప్ప ఇంకెక్కడా కొనేది కాదు. శార్వాణీ, ఇది నా వాంగ్మూలంగా రాసుకో, ఈ గుర్తు వీళ్లదే. నకళ్లు తుడిచేయక తప్పదని నాకు తెలుసు. తుడిచే ముందు ఆ టీచరమ్మను ఒక్కసారి అడుగు, అమ్మ పెట్టిన ముక్క తియ్యగా ఉందా అని. నాకు ఆ రుచి అప్పుడే సరిగ్గా గుర్తు రావడం లేదు."