మూతపడ్డ మిల్లులో పులి

బరంపురం నుంచి చికిటి వెళ్ళే దారిలో, ఊరు దాటగానే ఒక మూతపడ్డ బియ్యం మిల్లు ఉండేది. బస్తాల కింద నలిగి ఒక కలాసీ పోయాడట అందులో. అప్పట్నుంచి చీకటి పడితే ఆ పక్కకు ఎవరూ పోరు. ఠాకురాణి అమ్మవారి యాత్ర దగ్గరపడ్డ ఆ ఏడు మాత్రం కొత్త మాట పుట్టింది — మిల్లులో పులి తిరుగుతోందని. నిజం పులి కాదు... పులివేషం.

ఇది మా జగ్గారావు బావ చెప్పిన కథ. ఆయన గోరంత ఉంటే కొండంత చేస్తాడు గానీ, ఇది చెప్పేటప్పుడు మాత్రం గొంతు పెంచలేదు.

మొక్కున్నవాళ్ళు యాత్రలో వేషం కట్టి అమ్మవారి ముందు ఆడతారు. పులివేషమంటే లక్ష్ముడిదే. బజారులో బస్తాలు మోసే మనిషి. బావ చిన్నప్పట్నుంచీ ఆ ఆట తప్పకుండా చూసేవాడు. ఆ చలికాలం లక్ష్ముడి వెన్నెముకకు ఆపరేషనయింది. తర్వాత మనిషి ఎవరి కంటా పడలేదు. బల్ల మీదే పోయాడని చికిటిలో చెప్పుకున్నారు. బావ నమ్మేశాడు, బాధపడ్డాడు కూడా.

యాత్రకు ముందు ఒక రాత్రి కరెంటు లేదు. బావ సైకిలు మీద ఇంటికి పోతున్నాడు. మిల్లు దగ్గరికి వచ్చేసరికి — టక్... టక్ టక్... టక్...

పులి ఆటకు డప్పు కొట్టే వరసే అది. కానీ డప్పు కాదు. ఇనుము మీద ఇనుము.

ఆ వరస విని చూడకుండా పోలేకపోయాడు. సైకిలు దిగి, విరిగిన తలుపు సందులోంచి తొంగి చూశాడు.

గుడ్డి దీపం వెలుగులో... నాలుగు కాళ్ళ మీద పులి. ఒక అడుగు వేసి ఆగింది. భుజం దించింది. తల తిప్పకుండానే తోక విసిరింది.

తోక అలా విసిరేవాడు లోకంలో ఒక్కడే.

"లక్ష్ముడన్నా..."

పులి ఆగిపోయింది. జవాబు మాత్రం పులి నుంచి రాలేదు — వెనక చీకట్లోంచి వచ్చింది.

"ఎవులది?"

బావ టార్చి వేశాడు. గోడవార వాకరు పట్టుకుని నిలబడి ఉన్నాడు లక్ష్ముడు. బతికే ఉన్నాడు. నడుముకు బెల్టు, వాకరు మీద దరువు వేసే గరిటె చేతిలో. పులి ముసుగు తీసింది. లోపల చెమటతో తడిసిన ఆడమనిషి, లక్ష్ముడి పెళ్ళాం అసిరమ్మ.

"తప్పు నాదే బాబూ," అంది ఆమె. "ఆపరేషన్ గదిలోకి అట్టుకెల్తంటే మొక్కేసినాను. ఈయన్ని కాళ్ళ మీద నిలబెడితే పులేసం ఆడిస్తానమ్మా అని. ఇంకేటి మొక్కాలో తోచనేదు."

నిలబడ్డాడు. కానీ వంగినా, గెంతినా కాళ్ళు పడిపోతాయన్నాడు డాక్టరు. ఆడకపోతే అమ్మవారే తీసేసుకుంటుందని వాళ్ళ భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆడది పులివేషం కడితే పేట ఊరుకోదు. అందుకే ఎవరూ రాని చోటు వెతుక్కున్నారు. ఆయన నిలబడి చెబుతుంటే, ఆయన బదులు ఆయనలాగే ఆడటం ఆమె నేర్చుకుంటోంది.

లక్ష్ముడు వాకరు జరుపుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"ఏటేటా ముందు వరసలో నిలబడి సూసినోడివి. ఉన్నదున్నట్టు సెప్పు. అమ్మోరు గుర్తుపట్టేస్తాదా?"

"నానే గుర్తుపట్టనేదన్నా. నువ్వే అనుకున్నాను."

అసిరమ్మ రెండు చేతులూ జోడించి కూలబడిపోయింది. మొక్కు తీరుతుంది, మొగుడి కాళ్ళు దక్కుతాయి. ఆమె ఏడుపు ఆగలేదు.

లక్ష్ముడు పులి ముసుగు వైపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరేటి... బొత్తిగా తేడా తెలవనేదా?"

"దెయ్యానికైనా జవాబు సెప్పుదును గానీ, ఆ మాటకు సెప్పనేకపోయాన్రా," అన్నాడు మా బావ నాతో.