సెలా దగ్గర ఆగిన పిల్ల

లిడియా బైబిల్లోంచి కీర్తన చదువుతూ 'సెలా' అన్న మాట దగ్గర టక్కున ఆగింది. పాపం, వరస మర్చిపోయిందేమోనని బాబ్జీ కీబోర్డు అందుకున్నాడు. నల్లపాడు చర్చిలో చర్చ అలా మొదలైంది.

"నేనాగితే మీరెందుకు వాయించారు?" ఆరాధన అవగానే చెప్పుల దగ్గర నిలదీసింది.

"సెలా అంటే వాయించమని అర్థమండి."

"కాదు, మౌనంగా ఉండమని."

పాస్టరు అయ్యగారిని అడిగారు. "హెబ్రీ మాటమ్మా. కొందరు సంగీతమంటారు, కొందరు విరామమంటారు. కచ్చితంగా ఎవరికీ తెలియదు" అని ఆయన తప్పుకున్నారు.

ఎవరికీ తెలియదంటే ఇద్దరికీ తెలిసినట్టే లెక్క. ఎనిమిది నెలలు ఆమె ఆగడం, అతను వాయించడం, బయటికొచ్చి పోట్లాడుకోవడం.

బాబ్జీది మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం. వారమంతా కారం, ఆదివారం మాత్రం మమకారం. ఆమె మాటే నిజమేమోనని అతనికి ఎప్పుడో తోచింది. ఒప్పుకుంటే పోట్లాట ఉండదు. పోట్లాట లేకపోతే లిడియా తనతో ఏం మాట్లాడుతుంది? ఓడిపోవాలని ఎంత ఉన్నా వాయిస్తూనే ఉన్నాడు.

ఇంతలో ఆమెకి చీరాలలో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారమే ప్రయాణం.

ఆ చివరి ఆదివారం లిడియా ఏరికోరి మూడు సెలాలున్న కీర్తన తీసింది. మొదటిదానికి బాబ్జీ వాయించాడు, ఆమె కళ్లురిమింది. రెండోదానికి వేళ్లు తడబడ్డాయి. మూడో సెలాతో కీర్తన ఐపోతుంది. అక్కడ అతను చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

ఫ్యాను చప్పుడు. వెనక బెంచీలో ఎవరిదో తుమ్ము. లిడియా తలెత్తి చూసింది, చూస్తూనే ఉండిపోయింది. అయ్యగారే ఆమేన్ అని గట్టెక్కించారు.

బయట చినుకులు మొదలయ్యాయి.

"ఏంటండీ, ఇవాళ సెలాకి సెలవిచ్చారు?"

"రేపట్నుంచి మీరుండరుగా. వినాలనిపించింది."

"అప్పుడు నేనేం చదవలేదే."

"మీ ఊపిరి వినపడింది. ఎనిమిది నెలలు వాయించి వాయించి ఇదే పోగొట్టుకున్నాను."

ఆమె ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండోది మర్చిపోయింది. తడుస్తున్న మెట్ల వంక చూస్తూ అంది.

"మా నాన్న మూడింటికి నిద్ర లేస్తారు. వచ్చి అడగండి."

"ఏమని?"

"అదీ నేనే చదివి వినిపించాలా?"

కొంగు తలమీదికి లాక్కుని వానలోకి వెళ్లిపోయింది. బాబ్జీ ఫోన్లో టైము చూశాడు. పన్నెండున్నర. ఎనిమిది నెలలు ఓపిక పట్టినవాడికి ఆ రెండున్నర గంటలు గడిచే దారే కనపడలేదు.