పల్లంలో నీళ్ళు లేవు

మొక్కలన్నిటికీ నీళ్ళు పెట్టి వచ్చిన అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింటి బల్ల ముందు కూర్చుంది. ఎదురుగా తెల్లకాగితం, పెన్ను, కూతురు. ఆ ఇంట్లో అర్జీ అయినా ఉత్తరమైనా రాసేది కూతురే. అమ్మ పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు గాని, రాయడం మాత్రం సంతకం దగ్గరే ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం స్కూలు హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. కొత్త హైవేకి మూడు దారులు గీశారు. ఒకటి కొండ అంచున పోతుంది, ఇంకొకటి పాత రైలు కట్ట వెంబడి. మధ్యలో గీసిన రెండోది సరిగ్గా వీళ్ళ నర్సరీలో సగం మింగి, వెనకున్న పల్లం మీదుగా సాగిపోతుంది. ఏ దారి వల్ల నేలకీ నీటికీ ఎంత చేటో చూసి మార్కులు వేసిన పర్యావరణ నివేదిక, రెండో దారికే చేటు తక్కువని తేల్చింది. అభ్యంతరాలు ఇవ్వడానికి అదే ఆఖరి రోజు.

"రాయి," అంది అమ్మ. "పల్లంలో నీళ్ళు లేవని రాశారట. ఆ రాసిన మహానుభావుడెవరో ఎండాకాలంలో చుట్టపుచూపుగా వచ్చిపోయుంటాడు. నాలుగు వానలు పడ్డాక వచ్చి నిలబడమను, మోకాళ్ళ దాకా దిగబడతాడు. ఆ నీళ్ళు ఇంకబట్టే మా వీధి బావులు నిండుతున్నాయి. ఆ మాట గట్టిగా రాయి."

గుమ్మం దగ్గర కూర్చుని కుండీల్లోకి మట్టి నింపుతున్న పిన్ని తలెత్తకుండానే అందుకుంది. "కళ్ళకి గంతలు కట్టుకొచ్చాడని కూడా రాయవే గువ్వా. కాగితంలో బోలెడు చోటుంది."

గువ్వ అని ఇంట్లో పిలుచుకునే ఆ ముప్పై ఏళ్ళ మనిషి నవ్వడానికి ప్రయత్నించింది. పెదాలు కదిలాయంతే. గంతలు కట్టుకుని వచ్చింది తనే.

ఆ నివేదిక తయారుచేసింది ఆమె పనిచేసే సంస్థే. కొండ దారి మాత్రమే చూశానని ఇంట్లో చెప్పింది. దారి పక్కన సొంత ఇల్లు గాని నేల గాని ఉన్నవాళ్ళు ముందే రాసిచ్చి ఆ పని నుంచి తప్పుకోవాలన్నది ఆఫీసు నియమం. ఆమె తప్పుకోలేదు. చేతికందిన మొదటి పెద్ద పని అది. న్యాయంగా చూస్తే చాలు, ఇల్లెక్కడుంటే ఏం అనుకుంది.

మండుటెండలో ఒకరోజు పల్లానికి వెళ్ళింది. నేల బీటలు వారి ఉంది. ఫారంలో 'ఈరోజు నీరు లేదు' అని టిక్కు పెట్టింది. దాని కింద, వానాకాలంలో ఎలా ఉంటుందో చుట్టుపక్కలవాళ్ళని అడిగి రాయడానికి నాలుగు గీతల చోటుంది. మిగతా రెండు దారుల్లో గొర్రెల కాపరినీ, టీ కొట్టువాణ్ణీ ఆపి మరీ అడిగి ఆ చోటు నింపింది. ఇక్కడ ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ నీళ్ళలో గౌను ఎత్తి పట్టుకుని కప్పపిల్లల్ని దోసిట్లోకి తీసుకున్నది తనే. కానీ అది రాస్తే సొంతింటి కోసం రాసినట్టుంటుంది. ఖాళీగా వదిలేసింది. తనని ఎవరూ వేలెత్తి చూపలేరని ఆ రోజంతా లోలోపల పొంగిపోయింది కూడా.

ఆ పొంగు పేరు భయం అని ఇప్పుడు, అమ్మ ముందు కూర్చున్నాక తెలుస్తోంది.

పెన్ను కదిలింది. మూడు పదుల ఏళ్ళ నర్సరీ గురించి, వేల మొక్కల గురించి, ఇద్దరు అక్కచెల్లెళ్ళ బతుకుతెరువు గురించి వినయంగా, అందంగా రాసింది. నీళ్ళ మాట వచ్చేసరికి మాత్రం చెయ్యి దాన్ని రాయకుండా దాటేసింది.

"ఏదీ, చదువు," అంది అమ్మ.

ఆమె చదివింది. కాగితం మీద లేని నీళ్ళని కూడా, అమ్మ చెప్పిన మాటల్లోనే, ఒక్క ముక్క పోకుండా చదివింది. అమ్మ తృప్తిగా తలూపి, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని నెమ్మదిగా సంతకం చేసింది.

హాల్లో గుమాస్తా ఒక్కొక్క అభ్యంతరమూ పైకి చదువుతున్నాడు. అమ్మది వచ్చినప్పుడు పిన్ని మోచేత్తో పొడిచి, విను విను అంది. అమ్మ ముందుకు వంగి వింది. నర్సరీ వచ్చింది, మొక్కలు వచ్చాయి, 'ఇట్లు' వచ్చేసింది. ఇంకేమైనా చెప్పాలా అని వేదిక మీది అధికారి అడిగారు. అమ్మ లేచింది.

"నీళ్ళ సంగతి రాలేదండీ..."

అంటూనే వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. ఒక్క క్షణమే. ఆ చూపులో ముందు ఆశ్చర్యం ఉంది, తర్వాత లెక్క కుదిరినట్టు ఏదో సద్దుమణిగింది. మళ్ళీ మైకు వైపు తిరిగింది.

"నేనే చెప్పడం మరిచిపోయుంటాను. పెద్దదాన్నైపోతున్నా కదండీ."

అందరూ జాలిగా నవ్వారు. అధికారి కూడా మర్యాదగా నవ్వి, నివేదికలో మాత్రం అక్కడ నీరు లేదనే ఉందన్నారు. గుమాస్తా తరవాతి కాగితం తీశాడు.

వాళ్ళంతా నవ్వింది అమ్మని చూసి. కూతురికి చెవులు కాలిపోయాయి. లేచి నిలబడింది. మైకు దాకా నడవాలన్న ధ్యాస కూడా లేదు, ఉన్నచోటునుంచే చెప్పింది.

"మా అమ్మ ఏదీ మరిచిపోలేదు. రాయనిది నేను. ఆ పల్లం చూసి నీళ్ళు లేవని టిక్కు పెట్టింది కూడా నేనే. ఎండాకాలంలో ఒక్కరోజు వెళ్ళాను. వానాకాలంలో నిండుతుందని తెలిసీ ఖాళీ వదిలేశాను. మా ఇల్లు దాన్ని ఆనుకునే ఉంది. ఆ సంగతి ఆఫీసులో చెప్పలేదు."

అధికారి ఆమె చేత అదంతా రాయించుకున్నారు. వేరేవాళ్ళు వానల్లో పల్లం చూసి వచ్చేదాకా రెండో దారి మార్కులు చెల్లవన్నారు. తలుపు దగ్గర ఆమె ఆఫీసు పెద్దసారు ఆగారు. రేపట్నుంచి ఈ పనిలోకి రావద్దనీ, ఉద్యోగం సంగతి పైవాళ్ళు చెబుతారనీ అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు.

"ఒక్క మాట ముందే చెబితే మరొకర్ని పంపేవాణ్ణి కదమ్మా," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

బస్‌స్టాపులో ముగ్గురూ నిలబడ్డారు. అమ్మ రోడ్డు వైపు చూస్తూనే అంది.

"పల్లం గురించి దాచావు, సరే. ఉద్యోగం, భయం, ఏదో అనుకుంటాను. పొద్దున లేనిది ఉన్నట్టు చదివావే. రాయడం రానిదాన్ననేగా."

కాదు అనబోయింది.

"అవునమ్మా."

అమ్మ చేతిలో సంచిని రెండో చేతికి మార్చుకుంది.

"ఆ పల్లమంటే నాకిష్టమని ఎవరికైనా తెలిసిపోతుందేమోనని సిగ్గుపడ్డాను," అంది ఆమె. దాచుకున్నది ఇంత చిన్న మాటేనని అప్పటిదాకా తనకే తెలియదు. చెప్పాక ఏడుపు ఆగలేదు.

"ఇష్టమైతే సిగ్గెందుకే," అంది అమ్మ. ఆ గొంతులో కోపం కన్నా అర్థంకానితనమే ఎక్కువుంది.

బస్సు వచ్చింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని సంచి పక్క సీట్లో పెట్టుకుంది. పిన్ని వెనక సర్దుకుంది. ఆమె పైకమ్మీ పట్టుకుని నిలబడింది. కూర్చుంటారా అని ఒకాయన లేవబోతే వద్దంది. రెండు స్టాపులు పోయాయి. మూడోది దాటాక అమ్మ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నావు, కూర్చో," అంది, కిటికీలోంచి చూపు తిప్పకుండానే. "మిగతా కోపం ఇంటికెళ్ళి పడతాను."